బుట్టలో మిగిలిన పిల్ల

తల్లికోడి తొక్కితే పిల్ల చావదంటారు. సలోమి భర్త పేతురు కూడా అదే అనేవాడు. కోడి కాళ్ల కింద గుడ్లు పగులుతాయేమోనని సలోమి కంగారుపడ్డప్పుడల్లా నవ్వి ఆ సామెత చెప్పేవాడు. ఇప్పుడు పెరట్లో నిలబడి చూస్తుంటే, ఆ సామెత కట్టినవాళ్లు ఈ కోడిని చూసి ఉండరనిపించింది ఆమెకు.

కోడి తొక్కడం లేదు. పొడుస్తోంది. ఒకసారి పొడిచి, తల పక్కకు వంచి, పిల్ల కదులుతుందో లేదో చూసి, మళ్లీ అక్కడే పొడుస్తోంది. తక్కిన పిల్లలు గోడ పక్కన మట్టి కెలుకుతున్నాయి. ఇది మాత్రం బుట్ట అడుగున రెండు కాళ్లూ చెరో వైపుకు చాపి, పొట్ట మీద పడి ఉంది. తల మీద నూగు ఊడిపోయి ఎర్రటి మచ్చ తేలింది. పక్కన ఇంకా పగలని గుడ్డు ఒకటి ఉంది.

సలోమి కోడిని చేత్తో తోసింది. అది కొంచెం జరిగి ఆగింది. పోలేదు.

"నీళ్లు వట్టిన, టీచరమ్మా," అంటూ పక్కింటి విజయమ్మ నిండు బకెట్టు తెచ్చి కింద పెట్టింది. లాలాగూడ గల్లీలో ఎవరి కోడికి జబ్బు చేసినా ఆమెనే పిలుస్తారు. "నువ్వు లోపటికి పో. సూడకు. నీళ్లల్ల ముంచుడే, జెర సేపటి పని."

"బతకదా అక్కా?"

"బతుకుతది. అదే తక్లీఫ్. బతుకుతది గని నడువది, గింజ ఏరుకోదు. కన్నతల్లే వద్దంటున్నది, నువ్వెందుకు మీదేసుకుంటవ్? పిల్లి నోట్ల వడేకన్నా, గద్ద ఎత్కపోయేకన్నా నేనే నయం గద."

సలోమి తల ఎత్తి చూసింది. రైల్వే వర్క్‌షాపు రేకుల పైన గద్ద ఒకటి నింపాదిగా తిరుగుతోంది. మౌలాలి గుట్ట వైపు మబ్బు నల్లగా దిగింది. గాలి ఆగిపోయింది.

"బుట్టల ఇనుము ఉన్నదా?" విజయమ్మ అడిగింది.

ఈ గుడ్లు పొదగవేసింది పేతురు. ఉరుములకు గుడ్లు మురగకుండా బుట్టలో ఇనుపముక్క వెయ్యమని విజయమ్మ చెబితే, "మేం ప్రార్థన చేస్తాంలే అక్కా" అన్నాడు. ఆమె అటు వెళ్లగానే, వర్క్‌షాపులో పనిచేసినప్పటి బోల్టు ఒకటి వెతికి ఊకలో దాచాడు. కోడి గుడ్ల మీద ఉండగానే ఆయన ఆస్పత్రికి వెళ్లాడు, తిరిగి రాలేదు. సమాధి కార్యక్రమానికి బంధువులు వస్తుంటే వాసన రాకూడదని సలోమి తడిసిన ఊకంతా పారబోసి, బుట్ట కడిగింది. అడుగున బడిలో పక్కన పడేసిన గుణింతాల చార్టు పరిచింది. లామినేషన్ చేసిన అట్ట, తడిగుడ్డతో తుడిస్తే చాలని. గుడ్లు మళ్లీ దాని మీదే పేర్చింది.

"కడిగేటప్పుడు తీసి కిటికీలో పెట్టానక్కా."

"సావైన ఇంట్ల ఇనుము తీస్తరా తల్లీ," అంది విజయమ్మ గొంతు తగ్గించి.

గేటు చప్పుడైంది. పేతురు తమ్ముడు షాలేము ప్లాస్టిక్ కుర్చీలు దింపించి లోపలికి వచ్చాడు. మర్నాడు పేతురు కోసం చర్చివాళ్లు పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక.

"ఏందీ, కోళ్లకు పంచాయితీ పెట్టిన్రా?" అన్నాడు. బుట్టలోకి వంగి చూసి నవ్వు ఆపేశాడు. "వదినా, రేపు పాస్టరుగారు, మనోళ్లందరు వస్తరు. అన్న పోయిన ఇంట్ల కుంటి పిల్ల పుట్టిందని గుసగుసలు షురూ చేస్తరు. ఎందుకు పరేషాన్?"

"మనవాళ్లు అలాంటివి నమ్మరుగా."

"ఆదివారం నమ్మరు. తక్కిన దినాలు అందరు నమ్ముతరు."

విజయమ్మకు నవ్వొచ్చింది. సలోమికి రాలేదు.

"ఆస్పత్రిల అంత ధైర్యం చేసినవ్, వదినా. అన్న విషయంలనే..." షాలేము మధ్యలో ఆగి, "ఇది కోడిపిల్ల," అన్నాడు మెల్లగా.

అక్కడ కూడా అందరూ ఒకే మాట అన్నారు. ఊపిరి మెషీన్ తీసేస్తే పేతురుకు బాధ ఉండదన్నారు. సలోమి తల ఊపింది. "చెయ్యి తియ్యండమ్మా" అంది నర్సు. సలోమి ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. ఆయన చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. తను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"ఇగ తియ్యనా?" విజయమ్మ చీరచెంగు దోపి బుట్టలోకి చెయ్యి పెట్టింది.

"ఆగక్కా."

మిగిలిన గుడ్డు మీద పగులు పాకుతోంది. ముగ్గురూ వంగారు. పెంకు విడిపోయి, తడి పిల్ల బయటికి దొర్లింది. ఊపిరి తీసుకుంది, లేవబోయింది. కాళ్లు రెండూ చెరో వైపుకు జారిపోయాయి. మళ్లీ లేచింది. మళ్లీ జారింది.

"ఇంకోటా! రామ రామా..." విజయమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. గుట్ట వెనక మొదటి ఉరుము ఉరిమింది. షాలేము ఒక అడుగు వెనక్కి వేసి, పెదాల మీదే ప్రభువు పేరు తలుచుకున్నాడు.

"టీచరమ్మా, నా మాటిను. ఇది ఒక్కదానితోటి పోయేటట్టు లేదు. ఇంటికి వట్టుకున్నది."

సలోమి పిల్ల పాదాలనే చూస్తోంది. సన్నటి గోళ్లు అక్షరాల మీద పట్టు వెతుకుతున్నాయి, దొరక్క జారుతున్నాయి. ఆమె వేలితో అట్టను రాసి చూసింది. నున్నగా, చల్లగా ఉంది. తడి పిల్లను ఎత్తి, అరుగు మీది గోనెసంచి మీద పెట్టింది.

అది వణికింది. ముక్కు మీద పడింది. లేచింది. ఈసారి కాళ్లు కిందే నిలిచాయి.

"శకునం కాదక్కా," అంది సలోమి. "నేను పరిచిన అట్ట."

"మరి తక్కినవి మంచిగనే ఉన్నయి గద?"

"అవి పుట్టిన పూటే బయట మట్టిలోకి వచ్చేశాయి. ఇది నిన్నటి నుంచి దీని మీదే ఉంది."

షాలేము బుట్టలోంచి అట్టను లాగి గోడకు ఆనించాడు. ఎవరూ దాన్ని చూడలేదు.

"అయితే మంచిగైతదా?" విజయమ్మ అడిగింది.

"తెలీదు."

"కాకుంటే?"

"నడవని కోడి ఒకటి ఈ ఇంట్లో ఉంటుంది."

సలోమి లోపలికి వెళ్లి మందుల అలమరలోంచి తెల్లటి టేపుచుట్ట తెచ్చింది. పేతురుకు ఇంట్లో సెలైన్ పెట్టిన రోజుల్లో సూది కదలకుండా అంటించగా మిగిలింది. షాలేము దాన్ని గుర్తుపట్టాడు. కుంటి పిల్లను తీసి దోసిట్లో పట్టుకున్నాడు. సలోమి దాని కాళ్లు దగ్గరికి తెచ్చి, నడుమ కొంచెం ఎడం ఉంచి, మళ్లీ చెరో వైపుకు జారకుండా టేపు చుట్టింది.

"గుండె ఎట్ల కొట్టుకుంటున్నదో వదినా," అన్నాడు షాలేము.

చినుకులు మొదలయ్యాయి. బుట్టలో గోనెసంచి పరిచి, అరుగు చూరు కిందికి జరిపారు. విజయమ్మ కిటికీలో ఉన్న బోల్టు తెచ్చి సంచి మడతలో దూర్చింది. సలోమి చూసి కూడా వద్దనలేదు. కోడి బుట్ట ఎక్కి రెక్కలు విప్పింది. పిల్లలు ఒక్కొక్కటే దూరాయి. తడి పిల్లను కూడా రానిచ్చింది.

"ఈ కుంటిదాన్ని గూడ కింద వెట్టాలె," అంది విజయమ్మ. "ఈ చలికి తల్లి వేడి లేకుంటే తెల్లారదు. పెడితే కోడి ఊకోదు. నీ ఇష్టం."

సలోమి పిల్లను రెక్క కిందికి తోసి, పైన అరచెయ్యి కప్పింది. కోడి కదల్లేదు. తల పక్కకు వంచి, గుండ్రటి కంటితో ఆ చేతిని చాలాసేపు చూసింది. తర్వాత పొడిచింది. మళ్లీ అక్కడే పొడిచింది. పెరట్లో బకెట్టు మీద చినుకులు పడుతున్నాయి. అరచేతి కింద టేపు చుట్టిన కాళ్లు ఒకసారి కదిలి ఆగాయి.

"చెయ్యి తియ్యి టీచరమ్మా, నెత్తురొస్తున్నది."

సలోమి తియ్యలేదు.