నొక్కి చూసిన చెయ్యి

వచ్చినావిడ మొహం చూసి స్కానింగమ్మ గుర్తుపట్టలేదు. చేతులు, వేలికొసల మీది సూదిపోట్లు చూసి గుర్తుపట్టింది. ఏడాది కిందట ఇదే బల్ల మీద పెట్టినప్పుడు ఆ వేళ్లు తిన్నగా ఉన్నాయి. ఇప్పుడు పక్కకు ఒరిగిపోయాయి. బట్టలు కుట్టి బతికే మనిషికి ఇంకేం మిగిలినట్టు?

కీళ్లవాతం. కీళ్లలో మంట రగులుతోందా, చల్లారిందా అన్నది ఈ మిషను చూపిస్తుంది. రగులుతుంటే తెర మీద ఎర్రటి చుక్కలు మెరుస్తాయి. అప్పుడు మెరవలేదు. "ఉధృతి లేదు" అని స్కానింగమ్మే రాసింది. ఆ ఒక్క ముక్క చూసి డాక్టరు మందు తగ్గించాడు.

ఆవిడ అడక్కుండానే చేతులు చాపింది. "పోయినసారిలాగే గట్టిగా నొక్కి చూడండమ్మా, ఓర్చుకుంటాలే. అందరూ పైపైన చూసేవాళ్లే. మీరొక్కరే నొక్కి చూశారు."

స్కానింగమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఈ పనిలో మొదటి పాఠమే అది: నొక్కకూడదు. జెల్ దండిగా పోసి పరికరాన్ని దాని మీద తేలనివ్వాలి. బరువు పడితే సన్నటి నాళాల్లో నెత్తురు ఆగిపోతుంది, రోగం లేనట్టే తెర నల్లబడుతుంది. తెలియక కాదు. ఆ రోజు బయట నలభై మంది, లోపల తనొక్కతే. త్వరగా కానిమ్మని పైనుంచి కేకలు. తొందరలో చెయ్యి బరువెక్కింది. తొందరపెట్టినవాడి వేళ్లు మాత్రం ఇప్పటికీ తిన్నగానే ఉన్నాయి.

ఈసారి తేలిగ్గా ఆనించింది. తెర ఎర్రబడింది. కణుపు కణుపునా కుంపటే. ఎముక మీద కొరికేసినట్టు గుంటలు. అవిక పూడవు.

జబ్బు ముదిరిందని రాసి ఊరుకుంటే అడిగేవాడు లేడు.

"పోయినసారి నేను నొక్కడమే తప్పక్కా," అంది స్కానింగమ్మ. "మంట అప్పుడూ ఉంది. నా చేతికిందే కనబడకుండా పోయింది. మీకు అప్పుడే మందు పెంచాల్సింది."

ఆవిడ తిట్టలేదు. తెరకేసి చూస్తూ చెప్పుకొచ్చింది. సూది జారినప్పుడల్లా అత్త, "ఉధృతి లేదు" అన్న ఆ పాత కాగితం తీసి చూపించేదట. నటనకు బహుమతివ్వాలని మొగుడు నవ్వేవాడట. చివరికి తనకే నమ్మకం కుదిరిందట, తనది ఒళ్లు బద్ధకమేనని.

"అయితే నేను పనిదొంగను కానన్నమాట."

"కాదక్కా."

"ఆ మాట రాసివ్వండి. నొక్కి రాయండి."

ఏడాది కిందట రాసింది తప్పని, ఆ తప్పు తనదని స్కానింగమ్మ రాసింది. కాగితం చిరిగేంత నొక్కి రాసింది. ఆవిడ అందుకోబోయింది. వేళ్లు ముడుచుకోలేదు, కాగితం జారిపోయింది. స్కానింగమ్మ వంగి తీసి, మడిచి, ఆవిడ సంచిలో పెట్టింది.