టూరిస్టు ముద్ర

ములకలపల్లి దగ్గరి తండా నుంచి భార్గవి, ఆమె పెదనాన్న కొడుకు బలరాం బ్యాంకాక్‌లో కొలువుకని బయలుదేరారు. కంప్యూటర్ పనేనని చెప్పిన కల్లూరు ఏజెంటు హరిప్రసాద్ తానే వెంట వచ్చాడు. హైదరాబాద్ విమానాశ్రయంలో అధికారి అడిగితే, ఊరు చూడటానికి పోతున్నామని చెప్పమన్నాడు. ఇద్దరూ అలాగే చెప్పారు. బ్యాంకాక్‌లో దిగాక పాస్‌పోర్టులో పడింది కూడా టూరిస్టు ముద్రే. దాని మీద పని చేయడం నేరమని భార్గవికి తెలుసు. మార్పిస్తానని హరిప్రసాద్ అన్నాడు.

ఆఫీసు ఊళ్లోనే అని చెప్పి ఇద్దర్నీ కారెక్కించాడు. ఊరు దాటింది, పొలాలు దాటాయి. సాయంత్రానికి రోడ్డుకు రెండు పక్కలా అడవే. అడవిలో పుట్టి పెరిగిన భార్గవికి ఆ చెట్లను చూస్తే భయమేసింది.

హరిప్రసాద్ వెనక్కి తిరిగి, వర్క్ వీసా కోసమంటూ పాస్‌పోర్టులు అడిగాడు. బలరాం ఇచ్చేశాడు. తనది బ్యాగు అడుగున ఉందని, దిగాక ఇస్తానని భార్గవి అంది. నిజానికి అది ఆమె నడుముకు కట్టుకున్న సంచిలో ఉంది.

"జల్దీ తియ్. బార్డర్ కాడ మనోళ్లు ఎదురుచూస్తుండ్రు," అన్నాడు హరిప్రసాద్.

కంప్యూటర్ పనికి బార్డర్ దాకా ఎందుకనుకుంది భార్గవి. అతనికి రాని తండా భాషలో, తలనొప్పి గురించి చెబుతున్నట్టు, మెల్లగా బలరాంతో అంది.

"అన్నా, వీడు మనల్ని ఎవరికో అప్పజెప్పేటట్టున్నడు. బండి ఆగంగనే దిగు."

"నా పాస్‌పోర్టు వాని దగ్గరుంది చెల్లె. అది లేకుండ ఏడికి పోత?"

"ముందుగాల దిగు."

వాంతి వస్తోందని ఆమె గొడవ చేస్తే, డ్రైవరు పెట్రోలు బంకులో ఆపాడు. అక్కడొక పోలీసు నిలబడి ఉన్నాడు. అబద్ధం చెప్పి వచ్చినందుకు తమనే జైల్లో పెడతాడేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. అయినా అటే పరుగెత్తింది. వెనకే బలరాం. పాస్‌పోర్టు చూపించి కారు వైపు చెయ్యి ఊపింది. ఆ పోలీసుకు అర్థమయ్యేలోపే కారు వెళ్లిపోయింది.

పోలీసులు ఇద్దర్నీ బ్యాంకాక్‌లోని మన రాయబార కార్యాలయానికి చేర్చారు. అక్కడివాళ్లు బలరాంకు పాస్‌పోర్టు బదులు తిరుగు ప్రయాణానికి తాత్కాలిక పత్రం ఇచ్చారు. ఇలా కొలువుకని తెచ్చిన వాళ్లను సరిహద్దు దాటించి, బంధించి, వాళ్ల చేత ఫోన్లలో మోసాలు చేయిస్తున్నారని అక్కడే తెలిసింది.

ఇంటికొచ్చాక భార్గవి పోలీసులకు తన అబద్ధంతో సహా అంతా చెప్పింది. హరిప్రసాద్ ఇంకా దొరకలేదు. అతను అంతకుముందు పెనుబల్లి నుంచి గోపాలు అనే అతన్ని తీసుకెళ్లాడట. గోపాలు తిరిగి రాలేదు. అతని భార్య దగ్గర అతని నంబరు తీసుకుని భార్గవి రోజూ ఫోన్ చేస్తోంది. ఫోను మోగుతుంది. ఎవరో ఎత్తుతారు. మాట్లాడరు.