విన్నపాల పెట్టె

పత్తికొండ బజారులో ఇనుప సామాన్ల అంగడి కేశవయ్యకు మొక్కులంటే మహా ఎగతాళి. భార్య సుందరలక్ష్మి శనివారం ఒక్కపొద్దు ఉంటే, ఆ మిగిలిన బియ్యంతో మనమేమన్నా మేడ కట్టినామా అని అంగట్లో పదిమంది ముందర అడిగేవాడు. అట్లాంటి మనిషి క్రైస్తవుల మాత గుడికి మొక్కుకున్నాడంటే ఎవరు నమ్ముతారు? నమ్మకూడదనే ఆయన కోరిక కూడా. అందుకే ఇంట్లో అహోబిలం అని చెప్పి బయల్దేరదీశాడు.

కూతురు హరిత కారు నడిపింది. నరసింహస్వామి దర్శనం అయింది, భోజనాలయ్యాయి. అప్పుడు కేశవయ్య గొంతు సవరించుకుని, మైదుకూరు దాటితే రెండు వందల ఏళ్ల నాటి చర్చి ఒకటుందట, ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎట్లా అన్నాడు. భక్తి కాదు, చరిత్ర అని రెండుసార్లు నొక్కి చెప్పాడు. వారం వారం సరుకు కోసం కర్నూలు పోయి, కొండారెడ్డి బురుజు పక్కనే టీ తాగి, ఒక్కనాడూ తలెత్తి దాన్ని చూడని మనిషికి చరిత్ర మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో హరితకు అర్థం కాలేదు.

అసలు సంగతి ఏమిటంటే, రెండు నెలల కిందట సుందరలక్ష్మి మెడలో గడ్డ లేచింది. కర్నూలు ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరు కేశవయ్యను పక్కకు పిలిచి, కేన్సర్ కావచ్చు, పదిరోజులు ఆగాలి అన్నాడు. కేశవయ్య బయటికొచ్చి, మీ పుట్టింటి నెయ్యంతా మెడలో పేరుకుందంట అని భార్యకు చెప్పి పెద్దగా నవ్వాడు. ఆ పదిరోజులూ అదే జోకు తిప్పి తిప్పి వేశాడు. ఎనిమిదో రోజు రిపోర్టు వచ్చిందేమోనని ఆసుపత్రికి పోయి, రాలేదని తెలిసి, మెట్ల కింద నిలబడి ఏడుస్తుంటే, వార్డు ఊడ్చే రాహేలమ్మ చూసింది. ఏమీ అడగలేదు. మాత బొమ్మ ఒకటి చేతిలో పెట్టి, ఈ గుడి పేరు చెప్పి పోయింది. రిపోర్టు మంచిగా వస్తే స్వయంగా వచ్చి చెప్తానని ఆయన అక్కడే మొక్కుకున్నాడు. మంచిగానే వచ్చింది. భార్యకు మాత్రం ఉత్త గడ్డేనంట అని చెప్పాడే తప్ప, కేన్సర్ మాట, మొక్కు మాట ఇప్పటికీ ఎత్తలేదు. భయపడ్డానని ఒప్పుకోవడం ఆయనకు చచ్చేంత సిగ్గు.

సాయంత్రం నాలుగున్నరకు గుడి చేరారు. కేశవయ్య చరిత్ర మొదలుపెట్టాడు. చరిత్ర అంటే ఆయనకు తెలిసింది తలుపు బందులే. ఇంత మందం ఇనుము ఇప్పుడు యాడుండాది, ఈ గడియ చూడు, మన అంగట్లో వంద గడియలు కరగబోసినా ఇది రాదు అంటూ తల్లీకూతుళ్లను తలుపు దగ్గరే పావుగంట నిలబెట్టాడు. వాళ్లు విసుగెత్తి రంగుటద్దాల కిటికీలు చూడ్డానికి పోయారు. ఆయనకు కావలసిందీ అదే.

మాత విగ్రహం ముందర చెక్క పెట్టె ఉంది. దాని మీద విన్నపాలు, కృతజ్ఞతలు అని రాసి ఉంది. పక్కన కాగితాలు, దారంతో కట్టిన పెన్ను. మన హుండీ లాంటిదే అనుకున్నాడు. హుండీలో వేసిన చీటీని దేవుడు తప్ప ఎవరు చదువుతారు? ఆ ధీమాతో మనసులో ఉన్నదంతా రాశాడు. పత్తికొండలో కేశవయ్యలు ముగ్గురున్నారు కనుక, మాత పొరబడకుండా అంగడి గుర్తులు కూడా వివరంగా రాశాడు. పెట్టెలో వేసి, గుండెల మీద బరువు దిగిందని ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంతలో జనం వచ్చి చాపల మీద కూర్చున్నారు, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. శనివారం మాత ప్రార్థన అట. పాట వినబడితే చాలు కూర్చుండిపోయే సుందరలక్ష్మి, హరితను పక్కన పెట్టుకుని కూర్చుంది. చేసేది లేక కేశవయ్యా కూర్చున్నాడు. పాట అయ్యాక కళ్లద్దాల పిల్ల ఒకతి పెట్టె తెరిచి, చీటీలు తీసి, మైకు ముందర నిలబడింది. కేశవయ్య సగం లేచి, ఎక్కడికి పోవాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

రెండు చీటీలయ్యాక మూడోది ఆయనదే.

"పత్తికొండ మెయిన్ బజారు, మందుల షాపు ఎదురుగా, ఇనుప సామాన్ల అంగడి కేశవయ్య. అమ్మా, నా భార్య సుందరలక్ష్మి మెడలో గడ్డ కేన్సర్ కాదని తేలింది. ఆమె లేకపోతే నేను బతకలేను. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకు తెలియనీయవద్దు."

అక్షరం పొల్లుపోకుండా చదివింది ఆ కళ్లద్దాల పిల్ల. రెండు వందల మంది ఒక్క గొంతుతో, అమ్మా మీకు కృతజ్ఞతలు అన్నారు. కేశవయ్య తల దించుకుని చాపలో ఈనెలు లెక్కపెట్టాడు. పక్కనున్న ముసలాయన వంగి, పత్తికొండ కేశవయ్య ఎవరప్పా, మంచోడు మాదిరుండాడే అన్నాడు. ఏమో, నాకు తెలీదన్నాడు కేశవయ్య.

తల ఎత్తేసరికి సుందరలక్ష్మి లేచి బయటికి పోతోంది. ఆయన చెప్పులు కూడా తొడుక్కోకుండా వెంటపడ్డాడు. గుడి వెనక సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉందామె. అలవాటు ఊరుకుంటుందా, మన అంగడికి మైకులో ఉత్తపుణ్యానికి ప్రచారమైంది కదే అన్నాడు. ఆమె నవ్వలేదు.

"ఇంతమందికి చెప్పినారు. నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"నువ్వు భయపడతావని."

"ముక్క కోసి పరీక్షకు పంపితే ఎందుకో నాకు తెలీదా? ఆ పది రాత్రులూ నాకు కన్ను మూతపడలేదు. పక్కకు తిరిగితే మీరు గుర్రు పెడతాంటిరి. పొద్దున లేస్తే నెయ్యి గడ్డ అని నవ్వుతాంటిరి. నేను పోతే ఈ మనిషికి ఏమీ కాదులే అనుకుంటి."

కేశవయ్యకు ఆ మాట ఎక్కడో తగిలింది.

"నేనూ నిద్రపోలేదే సుందరా. నేను మేలుకోనుండానని తెలిస్తే నువ్వు బెదురుతావని, ఊరికే గుర్రు పెడతాంటి."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"ఎంతసేపు?"

"తెల్లారేదాకా. గొంతు పుండయింది."

సుందరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వే వచ్చింది, దాని వెనకే ఏడుపు. "ఇద్దరమూ మేలుకోనే ఉంటిమి కదండీ. ఒక్కసారి నన్ను పిలిచింటే ఏం పోయింది?" అంటూ ఆయన చేయి పట్టుకుని గట్టిగా ఏడ్చింది. కేశవయ్య ఆమె పక్కనే కూర్చుని తానూ ఏడ్చాడు.