ఎడమ పెట్టె

రేడియో రిపేరు చేసేవాడికి ఓపిక ఉండాలని మా నాయన చెప్పేవాడు. ఆయనకేం, ఆయన పాస్టరు. ఆదివారం ఒక్కపూట ఓపిక పడితే సరిపోయేది. గద్వాలలో దుకాణం పెట్టుకుని పొద్దున లేస్తే జనంతో వేగేవాణ్ని నేను. బ్యాటరీలు తిరగేసి పెట్టి "పలుకుతలేదు" అని తెచ్చేవాళ్లు, క్యాసెట్టు టేపు చిక్కుపడితే "మిషన్ మింగింది" అని నన్ను దొంగను చూసినట్టు చూసేవాళ్లు, అందరూ నా పాలే. తొంభై రెండులో బాలకిష్టయ్య నా దుకాణం మెట్లెక్కేనాటికి నా ఓపిక అడుగంటింది.

బాలకిష్టయ్య నేతపని ఆయన. చెయ్యి తిరిగిన మనిషి. యాభై దాటాయి. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. ఇంట్లో ఆయన, భార్య సుభద్రమ్మ, హాలు సగం ఆక్రమించిన ఒక గుంట మగ్గం.

"తమ్మీ ఇస్రాయేలూ, ఇంట్ల ఉన్న టేపురికార్డరు సాలుతలేదు. మంచి సెట్టు కట్టియ్యి. పాటలకూ గదే పలకాలె, వీసీఆర్ల సిన్మాకూ గదే పలకాలె. టాకీసుల కూసున్నట్టుండాలె" అన్నాడు.

"ఏందన్నా, లాటరీ గిట్ల తగిలిందా?"

"లాటరీ ఏడిది! మీ వదినె ఈ నడుమ మాట్లాడుతలేదురా. ఇల్లు బోసిపోయింది. ఆమెకు పాటలంటే పానం, సిన్మాలంటే పానం. జర సప్పుడుంటే మనిషి మామూలైతది."

భార్య మాట్లాడుతోందని వాల్యూము పెంచుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. మాట్లాడటం లేదని స్పీకర్లు కొనేవాణ్ని అప్పుడే చూడటం.

సరే, కట్టాను. నా పని గురించి నేనే చెప్పుకోవడం బాగుండదుగానీ, ఆ సంవత్సరం గద్వాలలో అంతకు మించిన సెట్టు లేదు. హైదరాబాదు నుంచి ట్రాన్స్‌ఫార్మరు తెప్పించి ఆంప్లిఫయరు నా చేత్తో అతికాను. వడ్రంగి బ్రహ్మయ్యతో టేకు పెట్టెలు రెండు చేయించి, ఒక్కోదాంట్లో పెద్ద స్పీకరు ఒకటి, సన్న రాగానికి చిన్నది ఒకటి బిగించాను. ముందు ఒక నాబు. ఇటు తిప్పితే టేపు, అటు తిప్పితే వీసీఆర్. స్టీరియో అంటే ఏమిటో కూడా విడమరిచి చెప్పాను. కుడి పెట్టెలో తబలా వినిపిస్తుందని, ఎడమ పెట్టెలో వేణువు వినిపిస్తుందని, నడుమ కూర్చుంటే పాడే మనిషి ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుందని.

బాలకిష్టయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు. "రెండు పెట్టెలు ఒక్క తీరు పలకయా?"

"పలకొద్దన్నా. అదే దాని గొప్ప."

"ఏం గొప్పరా? ఒక అంచు ఒక తీరు, ఇంకో అంచు ఇంకో తీరు నేసుకొని పోతే సేటు చీరె మొకాన కొడతడు" అన్నాడు.

నేతగాడికి స్టీరియో అమ్మడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

వాళ్లింట్లో తీగలు లాగిన రోజు సుభద్రమ్మ చాయ్ తెచ్చింది. బాలకిష్టయ్య నూలు కోసం బయటికి వెళ్లాడు. నేను టీవీ వెనకాల వంగి ఉన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి అక్కడే నిలబడింది.

"ఎంత మంచిగ కట్టినవో కట్టు తమ్మీ. ఇనేటందుకు నేనుండను. ఈ పడుగు దిగంగనే అలంపూరుల మా తమ్మునింటికి పోత. మళ్ల రాను."

పడుగంటే మగ్గానికి ఒకసారి ఎక్కించిన నూలు. ఆ పడుగు మీద మూడు చీరలు నేయాలి. అప్పటికి ఒకటి దిగింది.

నేను తీగలు వదిలేసి లేచాను. "ఏమైంది వదినె? కొట్టిండా?"

"కొడితే నలుగురికి చెప్పుకుందు. పలకడు తమ్మీ. రెండేండ్లాయె. మగ్గం మీద పక్కపక్కకే కూసుంటం. ఏదన్న అంటే నాడె ఇసురుకుంటనే ఉంటడు. గోడకు చెప్పినట్టు. మొగుడు పలుకుతలేడని పెద్దమనుషుల్ల పెడితే నవ్వుతరు."

"పోతున్ననని ఆయనకు చెప్పినవా?"

"మగ్గం మీద కూసున్నప్పుడే నాలుగుసార్లు చెప్పిన. తలకాయ సుత ఎత్తలే. పో అన్నట్టే గద."

ఇక్కడ మా ఊరి చీర సంగతి ఒకటి చెప్పాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటికీ వేర్వేరు నాడెలు, అంటే నూలు కండె మోసుకుని అటూ ఇటూ తిరిగే చెక్కలు. అంచూ ఒళ్లూ నేతలోనే ముడిపడే కుట్టు కుదరాలంటే ఒక్కడి వల్ల కాదు. నడుమ మనిషి గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె అందిస్తూ పోవాలి. వాళ్లింట్లో ఆ పక్క మనిషి సుభద్రమ్మ. పెళ్లయిన మరుసటి నెల నుంచి ఆయనకు ఎడమ పక్కన, గుంట గట్టు మీద, మోకాళ్లు మడుచుకుని. ఆమె పోతే భార్య పోవడం ఒకటే కాదు, చీర కూడా పోతుంది.

నాకెందుకీ గొడవ అనుకున్నాను. మొగుడు పెళ్లాల నడుమ దూరడం కరెంటు ఉండగా ఆంప్లిఫయరులో వేలు పెట్టడమే. చాయ్ తాగి, బిల్లు తీసుకుని వచ్చేశాను.

నాలుగో నాడు బాలకిష్టయ్య దుకాణంలో ప్రత్యక్షం.

"తమ్మీ, ఎడమ పెట్టె పలుకుతలేదు."

పోయి చూశాను. సుబ్బరంగా పలుకుతోంది. అదే చెప్పాను.

"పలుకుతది గని పెయ్యిల సత్తువ లేనట్టు పలుకుతుంది. కుడిది సూడు, పులి. ఎడమది పిల్లి."

ఆంప్లిఫయరు మీద బ్యాలెన్స్ నాబు ఉంటుంది. దాన్ని కాస్త ఎడమకు తిప్పాను. "ఇంకా" అన్నాడు. తిప్పాను. "ఇంకా." నా చెవికి కుడి పెట్టె నోరు మూసుకున్నాక ఆయన తల ఊపాడు. "ఆఁ, ఇప్పుడు రెండు అంచులు కలిసినయి."

వారానికి మళ్లీ వచ్చాడు. ఈసారి నేను తెలివి ఉపయోగించాను. నాబు మళ్లీ నడిమికి తెచ్చి, రెండు పెట్టెలు అటుదిటు, ఇటుదటు మార్చాను. లోపం పెట్టెలో ఉంటే ఇప్పుడు కుడిది మూగబోవాలి. బాలకిష్టయ్య మోకాళ్ల మీద కూర్చుని, కుడి పెట్టెకు కుడి చెవి ఆనించి విన్నాడు. లేచి వచ్చి ఎడమ పెట్టెకు ఎడమ చెవి ఆనించాడు. చీర ఇటు మడత, అటు మడత చూసినంత శ్రద్ధగా.

"ఎడమదే" అన్నాడు.

తీగలు మార్చాను. ఎడమదే. ఆంప్లిఫయరు విప్పి దుకాణానికి మోసుకొచ్చి, బాగున్నదాన్నే ఒకసారి పాడుచేసి మళ్లీ బాగుచేసి తీసుకుపోయాను. ఎడమదే. పదిహేనేళ్ల పనిలో నాకు అంత అవమానం ఎప్పుడూ జరగలేదు. రాత్రి అన్నం సహించేది కాదు. మా ఆవిడ ఏమైందని అడిగితే "ఎడమది" అనేవాణ్ని.

చివరికి ఓడిపోయి, ఎడమ పెట్టెలో స్పీకరు తీసేసి గుడి జాతరల్లో వాడే పన్నెండు అంగుళాల స్పీకరు బిగించాను. టేకు పెట్టె చాలక కొత్తది చేయించాల్సి వచ్చింది. బాలకిష్టయ్య మురిసిపోయాడు. దాన్ని మగ్గం పక్కకు, ఎడమ దిక్కు జరిపించుకున్నాడు. నేస్తూ పాటలు వింటాడట. అంటే సరిగ్గా సుభద్రమ్మ వీపు వెనక. పన్నెండు అంగుళాలు.

ఆ రోజు నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె గడప దాకా వచ్చింది.

"సూసినవా తమ్మీ? ఇన్నొద్దులు ఇననట్టు ఉండెటోడు. ఇప్పుడు నా మాట ఇనపడొద్దని నా నెత్తి కాడ మైకు పెట్టిచ్చిండు. నీకు సుత పుణ్యం తగుల్తది లే."

రెండో చీర దిగింది.

మూడో చీర కొంగు దాకా వచ్చిందని నాకెలా తెలిసిందంటే, బాలకిష్టయ్య స్వయంగా చెప్పాడు. ఎడమ పెట్టె మళ్లీ చచ్చిందని చెప్పడానికి వచ్చి, "జల్ది రా, మాపటికల్ల కొంగు అయిపోతది, పడుగు దిగుతది" అన్నాడు సంబరంగా. ఆయన సంబరం చూస్తే నాకు ఒళ్లు మండింది. పెళ్లాం ఇల్లు వదిలిపోతుంటే పెట్టె గోల పెట్టుకున్నాడు, ఇదేం మనిషి అనుకున్నాను. స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని, ఇవాళ నాలుగు మాటలు అనే వస్తానని బయల్దేరాను.

పోయేసరికి పాట మోగుతోంది. గూట్లో గ్లాసులు గలగలలాడుతున్నాయి. సుభద్రమ్మ గట్టు మీద తన చోట కూర్చుని ఉంది, పక్కన గోడకు ఆనించి తన బట్టల మూట పెట్టుకుంది. బాలకిష్టయ్య గుంటలోంచి లేచి వచ్చాడు.

"నీ కండ్ల ముంగట్నే సూపెడత" అని, పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ చెవి ఆనించాడు. ఇంకా నికరంగా తెలియాలని కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు.

స్పీకరు అదురుకు ఆయన చెవి తమ్మె వణుకుతోంది. ఆ వణుకు నాకు కనపడుతోంది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, "సచ్చింది. ఏడనో పక్కింట్ల పాడినట్టుంది" అన్నాడు.

నేను సెట్టు బందు చేశాను. ఆయన కదల్లేదు. ఇంకా వింటున్నాడు. దగ్గరికి పోయి, ఆయన ఎడమ భుజం వెనక నిలబడి, మామూలు గొంతుతో అన్నాను.

"అన్నా, నీ ధోతి ఊడిపోయింది."

ఆ మాటకు కిందికి చూడని మగాడు భూమ్మీద పుట్టలేదు. బాలకిష్టయ్య చూడలేదు.

నెల రోజులు తీగలు మార్చాను, పెట్టెలు మార్చాను, నాబులు తిప్పాను. తీగ ఎక్కడిదాకా పోతుందో అంతవరకే చూశాను. నిజం చెప్తున్నాను, చాలా సిగ్గేసింది.

ఆయన చెయ్యి పట్టుకుని చెవి మీంచి తీశాను. "అన్నా, నీ ఎడమ చెవికి ఏమన్న అయిందా?"

"ఏమైతది? రెండేండ్ల కింద గవదబిళ్లలు లేస్తే జర గుయ్యిమన్నది. తగ్గె."

"తగ్గలేదన్నా. పెట్టె మంచిగనే ఉంది. చెవే పోయింది."

బాలకిష్టయ్యకు కోపం వచ్చింది. "పెట్టె కరాబు చేసి నా చెవి మీద పెడుతున్నవా? నీతోని మాట్లాడుతలేనా ఇప్పుడు? నాకు చెముడైతే నీ మాట ఎట్ల ఇంటున్న?"

"కుడి చెవితోని ఇంటున్నవు."

"చెవులన్నంక రెండు ఒక్క తీరే ఉంటయి" అన్నాడు ఖచ్చితంగా, పోయి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

సుభద్రమ్మ చేతిలో నాడె అలాగే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది.

"ఏ చెవి తమ్మీ?"

"ఎడమది, వదినె."

ఆమె నాడె కింద పెట్టింది. గోడ పట్టుకుని, మోకాళ్లు సరిచేసుకుంటూ లేచింది. మగ్గం చుట్టూ తిరిగి వచ్చి, ఎన్నడూ కూర్చోని కుడి పక్కన కూర్చుంది. మగ్గం మీద కూర్చున్నవాళ్లు మాట్లాడుకునే సన్నటి గొంతుతోనే అన్నది.

"మోకాళ్లు గుంజుతున్నయి. జరసేపు లేద్దామా?"

బాలకిష్టయ్య వెంటనే తిరిగాడు. "అయ్యో, లేద్దాం పా. గింత ముచ్చటకు గంత దూరం తిరిగి రావాల్నా? ఆడనే కూసుండి చెప్పరాదా?"

రెండేళ్లు అక్కడే కూర్చుని చెప్పిన మనిషి ఆయన మొహాన్ని చాలాసేపు చూసింది, కొత్తగా వచ్చిన ఎవరినో చూసినట్టు. తర్వాత లేచి, వచ్చిన దారినే తిరిగి తన ఎడమ చోటికి పోయి కూర్చుంది. నాడె చేతిలోకి తీసుకుంది. కన్నీళ్లు పట్టు మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

"రెండేండ్ల కోపం నాది" అంది నెమ్మదిగా. "ఇప్పుడు దాన్ని ఎవరి మీద పెట్టాలె?"

బాలకిష్టయ్యకు పెదవులు కదలడం మాత్రం కనపడింది. నా వైపు తిరిగాడు. మొహంలో మొదటిసారి భయం చూశాను.

"ఏమంటుంది తమ్మీ?"

నేను మెకానిక్‌ను. ఈ పెట్టెలో వచ్చింది ఆ పెట్టెలో ఉన్నదున్నట్టు పలికించడమే నా పని. కానీ ఆ రోజు పని తప్పాను.

"పోనంటుంది" అన్నాను.

సుభద్రమ్మ తల ఎత్తి నన్ను చూసింది. కాదనలేదు.

బాలకిష్టయ్య ఆమెను చూశాడు, గోడ పక్కన మూటను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"ఏడికి?" అన్నాడు.