మోకాలేస్తే తెరుచుకునే సంచి

బర్కా అనే అరబ్బు ఊళ్ళో సముద్రానికి కాస్త ఎడంగా, ఖర్జూరపు తోటల నడుమ హమూద్ అనే పెద్దాయన ఇల్లుంది. పనివాళ్ళు ఆయన్ని బాబా అనేవారు. ఆ ఇంట్లో వంటపని రషీదున్నీసాది. ఆమెది రాయచోటి దగ్గర ఒక పల్లె. తోటపనీ, కౌజుపిట్టల షెడ్డు పనీ ఓంకార్‌వి. అతను నిర్మల్ వైపు వాడు. ఇద్దరి తెలుగూ ఒక్క తీరుది కాదు. ఆమె ఎర్రగడ్డలంటే అతను ఉల్లిగడ్డలంటాడు. అయినా ఆ ఇంటి ప్రహరీలోపల తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే కాబట్టి పొద్దున్నా సాయంత్రం వంటింటి మెట్టు మీద కూర్చుని ఓంకార్ ఆమె చేతి టీ తాగి వెళ్ళేవాడు.

హమూద్‌కు ఒక డేగ ఉంది. పేరు గైమా. అరబ్బీలో మబ్బు అని. అడవిపిట్టల్ని వేటాడకూడదన్న కట్టడి ఉంది గనక ఆయన తన షెడ్డులో పెంచిన కౌజుపిట్టల్నే చలికాలపు ఉదయాల్లో నఖల్ దారిలో ఉన్న రాళ్ళ మైదానానికి తీసుకుపోయి, ఓంకార్ చేత గాలిలోకి వదిలించి, గైమాను పంపేవాడు. డేగ పట్టిన పిట్టలే ఆ మధ్యాహ్నం కూర.

కిందటి ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. ఎడమచెయ్యి మాత్రం సగమే వచ్చింది. వేళ్ళు కొక్కేల్లా వంగిపోయాయి. వాటితో దేన్నైనా తగిలించుకుని ఎత్తగలడు గానీ ముడి విప్పలేడు, జిప్పు లాగలేడు. అంతకుముందు డేగ కూర్చునేది ఆ ఎడమచేతి మీదే. ఆయన తోలు తొడుగు కుడిచేతికి మార్చుకుని, రోజూ తోటలో అటూ ఇటూ తిరుగుతూ గైమాకు కొత్త చెయ్యి అలవాటు చేశాడు. బట్టలు వేసుకోవడానికే ఒకరి సాయం కావలసిన రోజుల్లో కూడా ఆ నడక మానలేదు. రషీదున్నీసా వంటింటి కిటికీలోంచి అది చూసేది. ఆయన మీద ఆమెకు గౌరవం కుదిరింది అప్పుడే.

చలి మొదలయ్యాక కొడుకు నాసర్ దుబాయ్ నుంచి వేటసంచి ఒకటి తెచ్చిచ్చాడు. మంచి తోలు, మంచి కుట్టు, మూడు అరలు, ప్రతి అరకూ జిప్పు. దాన్ని భుజానికి తగిలించుకుని హమూద్ ఓంకార్‌ను వెంటబెట్టుకుని మైదానానికి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక ఇద్దరూ తిరిగొచ్చారు. ఆయన సంచిని వరండాలో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఏమైంది నాయనా?" అని రషీదున్నీసా ఓంకార్‌ను అడిగింది.

"డేగ పిట్టను మంచిగనే పట్టింది అక్కా. పట్టినంక అది నేల మీద పిట్ట మీద కూసుంటది. బాబా పక్కకు పోయి మోకాలేసి, చేతిల మాంసం ముక్క చూపిస్తడు. అది పిట్టను ఇడిసి ముక్క కోసం చేతి మీదికెక్కుతది. గంతల్నే పిట్టను దానికి కనబడకుండ సంచిల ఎయ్యాలె. కనబడ్డదనుకో, నా పిట్టను గుంజుకున్నడని దానికి కోపమొస్తది. మల్ల మనిషిని నమ్మది."

"ఒక చేతిమీద డేగ ఉండాది. ఇంగొక చెయ్యి పనికిరాదు. మరి సంచి తెరిచేదెట్ల?"

"గదే కద. నేను తెరుద్దమని దగ్గరికి పోయిన. ఇంకో మనిషి పక్కకొచ్చిండని అది లేచిపోయింది. అది దొరికేదాంక పొద్దంతా తిరిగినం. ఇగ ఖలాస్ అంటున్నడు అక్కా. డేగను బురైమి ఊర్ల ఎవలికో ఇచ్చేస్తడంట."

రషీదున్నీసా వరండాలో పడి ఉన్న సంచిని తీసి చూసింది. జిప్పులు లాగింది, మూసింది. లోపలి ప్లాస్టిక్ గుడ్డను వేలితో తడిమింది. సంచులు ఆమెకు కొత్త కాదు. కడప మార్కెట్ యార్డులో పదేళ్ళు ఎర్రగడ్డల మూటలకు దబ్బనంతో మూతులు కుట్టిన చెయ్యి అది.

"మంచి సంచే," అంది. "రెండు చేతులుండే వాళ్ళకు కుట్టినారు."

మరుసటి రోజు ఉదయం ఓంకార్ టీకి వచ్చేసరికి ఆమె ఎడమచేతి వేళ్ళను మడిచి, పాత దుపట్టాతో గట్టిగా చుట్టుకుని ఉంది. కుడిచేతిలో నిండు నీళ్ళ చెంబు.

"చేయి కాలిందా అక్కా?"

"కాల్లేదు. ఈ చెంబే నా డేగ. కిందికి దించకూడదు, ఒలకకూడదు. ఇట్లే పని చేచ్చాండా."

ఆ పూట ఆమె చెంబు దించకుండానే బియ్యపు డబ్బా మూత తీయబోయింది, గుడ్డసంచి మూతి విప్పబోయింది, ఫ్రిజ్ తలుపును మోచేత్తో లాగింది. నీళ్ళు ఒలికినప్పుడల్లా ఆగి, ఎందుకు ఒలికిందో ఆలోచించింది. ఓంకార్ మొదట నవ్వాడు. కాసేపయ్యాక నవ్వు మాని చూస్తూ కూర్చున్నాడు. బియ్యం డబ్బాను కడుపుకూ గోడకూ మధ్య ఇరికించి ఆమె మూత తీసింది. తీసి, అక్కడే నిలబడిపోయింది.

"చేతులు తెరవలేనిదాన్ని కడుపు తెరిచింది చూడు," అంది. "బాబా మోకాలెట్ల ఏస్తాడో ఒక్కసారి చూపించు."

ఓంకార్ కుడి మోకాలు నేలకు ఆన్చి, ఎడమ మోకాలు పైకి పెట్టి కూర్చున్నాడు. ఆమె అతని చుట్టూ తిరిగి చూసింది. ఎడమ తొడ పైకి లేచి కడుపు వైపు వచ్చింది. ఆ రెండింటి నడుమా రొట్టెల పళ్ళెమంత జాగా.

"ఈడ ఉండాల సంచి. భుజాన కాదు. కూచుంటే తొడా కడుపూ కలిసి దాని మూతి తెరవాల. లేస్తే దానంతటదే మూసుకోవాల."

"దానంతటది ఎట్ల మూసుకుంటది? స్ప్రింగు గావాలె."

ఆ మాటన్నాక ఓంకార్‌కే ఒకటి తట్టింది. ఈ తోటకు రాకముందు అతను అల్ అమెరాత్‌లో సైట్ మీద పనిచేశాడు. అప్పటి కొలతల టేపు ఒకటి, చుట్టుకోవడం మానేసినది, రూమ్‌లో పెట్టె అడుగున పడి ఉంది. పోయి తెచ్చాడు. ఆ ఉక్కు పట్టీని చాచితే నిటారుగా ఉంటుంది, వంచితే వంగుతుంది, వదిలితే మళ్ళీ నిటారవుతుంది. జానెడు పొడవున రెండు ముక్కలు కోసి, కొసలు కలిపి, అటుపక్కా ఇటుపక్కా వేళ్ళతో నొక్కాడు. రెండు ముక్కలూ చేపనోరులా విచ్చుకున్నాయి. వదిలితే టక్కున మూసుకున్నాయి. రషీదున్నీసా దాన్ని అతని చేతిలోంచి తీసుకుని తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలేదు.

సంచి ఒంటికి ఆమె ప్లాస్టిక్ వద్దంది. "ఎర్రగడ్డల్ని గాలాడని గోతంలో పోస్తే రెండో రోజుకే కుళ్ళుతాయి. వల సంచిలో పోస్తే నెలలు నిలుస్తాయి. ఇప్పుడే చచ్చిన పిట్ట ఒంట్లో ఎచ్చన ఉంటాది. ఆ ఎచ్చన పోయే దారి ఉండాల," అని నారుమళ్ళ మీద కప్పే నీడవలలో మిగిలిన ముక్క అడిగి తెప్పించుకుంది. తొడకు ఆనే వైపు మాత్రం నెత్తురు బట్టలకు అంటకుండా మందపాటి కాన్వాసు వేసింది. ఉక్కు ముక్కల కొసలకు గుడ్డ చుట్టి, మూతి అంచులో పెట్టి కుట్టేసింది. నడుముకు ఒక పట్టీ, సంచి ఊగకుండా తొడకు ఒక పట్టీ. పట్టీలకు బకిల్స్ పెట్టలేదు, వంగిన వేలితో తగిలించుకునే పెద్ద కొక్కేలు పెట్టింది. కుట్టినంతసేపూ ఆమె దబ్బనం ఎక్కడా తడబడలేదు. ఒక కుట్టు వంకర పోయిందని ఒక వైపు మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. ఎవరికి కనబడుతుందని ఓంకార్ అడిగితే, "నాకు కనపడతాంది గదా," అంది.

సంచి పూర్తయ్యాక పెరట్లో ఓంకార్ దాన్ని కట్టుకుని, ఎడమ వేళ్ళు మడిచిపెట్టి మోకాలేశాడు. మూతి తెరుచుకుంది. వంగిన వేళ్ళతో ఒక కౌజుపిట్టను తగిలించి లోపల వేశాడు. లేచాడు. మూసుకుంది. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"అదేమిటి?" అని వెనకనుంచి వినబడింది. హమూద్ వరండా స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో వాళ్ళకు తెలియదు.

ఆయన పనివాళ్ళతో హిందీలో మాట్లాడేవాడు. రషీదున్నీసా తన దక్కనీలో విషయం చెప్పింది. ఆయన సంచి తీసుకుని నడుముకు తగిలించుకున్నాడు. కొక్కేలు తనే పెట్టుకున్నాడు. తొడుగు వేసుకుని, గైమాను కుడిచేతి మీదికి ఎక్కించుకుని మోకాలేశాడు. మూతి విచ్చుకుంది. లేచాడు.

టక్కుమని చప్పుడైంది. గైమా రెక్కలు విదిల్చి తలకిందులుగా దూకింది. కాలితాడుకు వేలాడుతూ కొట్టుకుంది. హమూద్ దాన్ని నెమ్మదిగా పైకి తీసుకుని, మాటలతో సముదాయించి, అది కూర్చునే మేకు పీట మీద దించాడు. సంచి విప్పి బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళాడు.

ఓంకార్‌కు ఉసూరుమంది. "పోనియ్ అక్కా. నువ్వయితే శాన చేసినవ్."

రషీదున్నీసా వినడం లేదు. సంచి మూతిని చెవి దగ్గర పెట్టుకుని తెరుస్తోంది, మూస్తోంది. "ఉక్కుకు ఉక్కు తగులుతాంది," అంది. "మధ్యలో మెత్తంది ఏదైనా ఉండాల. దూది పెడితే నెత్తుటికి అట్టగడతాది. స్పంజి అయితే వాసన పడతాది."

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె గిన్నెలు తోముతుంటే హమూద్ వంటింట్లోకి వచ్చాడు. ఆయన వంటింట్లో అడుగు పెట్టడం అరుదు. చంకలో ఒక పాత ఒంటె జీను కింది పరుపుగుడ్డ ఉంది, ఒంటె బొచ్చుతో నేసినది. ఒక మూల నుంచి రెండు పీలికలు అప్పటికే కత్తిరించి ఉన్నాయి. కోత వంకర టింకరగా ఉంది. ఒక్క చేత్తో కోసినట్టు చూడగానే తెలుస్తోంది.

"మా నాన్నది," అన్నాడు. "దీనికి నెత్తురు పట్టదు. కడిగితే పోతుంది. చప్పుడూ రాదు. చూడు."

రషీదున్నీసా చెయ్యి తుడుచుకుని పీలికను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "జైన్, బాబా," అంది. బాగుందని, ఆయన అరబ్బీ మాటే ఆయనకు.

ఆయన వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె సంచి మూతిమీద పీలిక పరిచి దబ్బనం తీయగానే, అది కదలకుండా తన ఎడమచేతిని దానిమీద బరువుగా ఆన్చాడు. వేళ్ళు వంగినా అరచేతి బరువు బరువే. ఆమె కుట్టుకుంటూ ఆ చేతిదాకా వస్తే ఆయన చెయ్యి జరిపేవాడు, మళ్ళీ ఆన్చేవాడు.  టీ కోసం వచ్చిన ఓంకార్ అది చూసి, వచ్చిన పని మరిచి గడప దగ్గరే నిలబడ్డాడు.

ఈసారి మూతి మూసుకుంటే తమలపాకు కింద పడినంత చప్పుడు. గైమా తల తిప్పి చూసింది, అంతే. ఆ వారమంతా ఆయన రోజూ తోటలో గైమాను చేతిమీద పెట్టుకుని మోకాలేయడం, లేవడం సాధన చేశాడు.

శుక్రవారం పొద్దున్నే పికప్ బయల్దేరుతుంటే హమూద్ అద్దం దించి రషీదున్నీసాను పిలిచాడు. "నువ్వూ రా. నువ్వు కుట్టిన సంచి ఏం చేస్తుందో నువ్వు చూడొద్దా?"

ఆమె ఆ దేశం వచ్చి ఎంతో కాలమైనా ఆ మైదానం చూడలేదు. దూరంగా బూడిదరంగు కొండలు, ఇటు కనుచూపు మేరా రాళ్ళు, అక్కడక్కడా ముళ్ళ తుమ్మలు. ఆమెను బండి దగ్గరే ఉండమని, ఓంకార్ పిట్టల బుట్టతో ముందుకు వెళ్ళాడు. హమూద్ పళ్ళతో తాడు లాగి గైమా కళ్ళమీది తోలు టోపీ తీశాడు. డేగ చుట్టూ చూసింది. ఓంకార్ పిట్టను వదిలాడు. "బిస్మిల్లా" అని ఆయన చెయ్యి పైకి లేపాడు.

గైమా ముందు పిట్ట వైపు పోలేదు. పక్కకు పోయి, ఎత్తుకు పోయి, ఒక చుక్కయింది. ఆమె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతుండగానే ఆ చుక్క కిందికి జారింది. రాయి పడ్డట్టు కాదు, ఎవరో పైనుంచి విసిరినట్టు. నేలకు రెండు బారల ఎత్తులో పిట్టను తాకింది. ఈకలు కాసేపు గాలిలోనే నిలిచాయి. 

హమూద్ తొందరపడలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి మోకాలేశాడు. మాంసం ముక్క చూపించాడు. గైమా ఆలోచించి చేతిమీదికి ఎక్కింది. తల వంచి ముక్క పొడుచుకుంటుండగా, ఆయన వంగిన వేళ్ళు పక్కనుంచి పిట్టను తగిలించుకుని తొడమీద తెరిచి ఉన్న సంచిలో జారవిడిచాయి. లేచి నిలబడ్డాడు. డేగ ముక్క మింగి కిందికి చూసింది. అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవు. అది స్థిమితంగా ఈకలు సర్దుకుంది.

ఓంకార్ దూరం నుంచే రెండు చేతులూ పైకెత్తి ఆమెకు చూపించాడు. అతను దగ్గరికి పోలేదు, పోవలసిన అవసరం రాలేదు. ఆ ఉదయం మరో నాలుగుసార్లు అలాగే జరిగింది. నాలుగుసార్లూ ఆ పెద్దాయన తనంతట తనే కూర్చుని, తనంతట తనే లేచాడు.

బండి దగ్గరికి వచ్చాక ఆయన మోకాలేసి సంచి తెరిచి చూపించాడు. రషీదున్నీసా ఒక్కో పిట్టనూ తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. మొదటిది అప్పటికే చల్లబడి ఉంది. ఈకలు పొడిగా ఉన్నాయి.

"ఎట్లుంది?" అని హమూద్ అడిగాడు.

ఆమె సంచిని అటూ ఇటూ తిప్పి అడుగుభాగం చూసింది. "పిట్టలు నిండితే ఈ మూల కుట్టు లాగుతోంది బాబా. ఇటివ్వండి. రేపు విప్పి మళ్ళీ కుడతాను."

"రేపు మాఫీ, కుదరదు," అన్నాడు ఆయన, సంచి మీద చెయ్యేసుకుని. "రేపు కూడా వేటకు వస్తున్నాను."

"అయితే ఎల్లుండి."

ఆయన గైమాను చేతిమీద పెట్టుకుని, సంచి తొడకు ఉండగానే బండెక్కి కూర్చున్నాడు. ఓంకార్ నవ్వుతూ బండి తీశాడు.