తెర తిన్న మెమరీ

పన్నెండింటికి ప్రెస్సు మూసేస్తారు. ఆ లోపు అట్ట చేరకపోతే, రేపటి కచేరీలో ఊరి బ్యాండు నూరేళ్ల సంచిక ఉండదు. లోపలి నలభై పేజీలూ ఈనిడ్ సట్‌క్లిఫ్ తన ఆర్కిమెడిస్ కంప్యూటర్ మీద కూర్చి ఎప్పుడో ఇచ్చేసింది. మిగిలింది అట్ట మీద వేసే బ్యాండు జెండా బొమ్మ. పదకొండు గంటలకు అది తెరుచుకోనని మొండికేసింది. మెమరీ చాలదట.

ఆ శనివారం కూడా చాపెల్ హాల్లో కంప్యూటర్ సంఘం వాళ్లందరూ తమ తమ కంప్యూటర్లు మోసుకొచ్చి బల్లల మీద పెట్టుకున్నారు. సంఘం కార్యదర్శి సెడ్రిక్ ఆగ్డెన్ సంగతి వినగానే సంచిలోంచి నాలుగు మెగాబైట్ల బోర్డు తీశాడు. ఆడవాళ్లందరినీ, అరవై దాటిన ఈనిడ్‌తో సహా, తల్లీ అనే పిలుస్తాడతను.

"ఒక్క మెగాబైటుతో ఏం లాగుతావు తల్లీ? పెద్ద చిప్పు పీకి ఇది బిగిస్తాను. గంట పని. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు, చిప్పు కాలు ఒక్కటి వంగిందంటే మిషను పోయినట్టే."

ఈనిడ్‌కు ఒళ్లు మండింది. టీవీల కార్ఖానాలో ఇరవై రెండేళ్లు సోల్డరింగ్ చేసిన చేతులవి. అయినా గంట ఎక్కడుంది? బుధవారం ఇదే బొమ్మ ఇదే మిషను మీద హాయిగా తెరుచుకుంది. ఆ తర్వాత మారిందేమిటని ఆలోచించింది. గురువారం సెడ్రిక్ ఇంటికొచ్చి, చూడ్డానికి బాగుంటుందని తెరకు రెండు వందల యాభై ఆరు రంగులు పెట్టి వెళ్లాడు. ఈ మిషనులో తెరకు వేరే మెమరీ లేదు, రంగులు పెరిగేకొద్దీ పనికి మిగిలేది తగ్గుతుంది. పనికీ సోకుకీ ఒకటే కుండ. పైన పటారం, లోన లొటారం.

ఆమె తెరను రెండే రంగులకు దించింది. ప్రెస్సులో ఉన్నది ఎలాగూ నల్ల సిరా ఒక్కటే. జెండా కుచ్చులతో సహా తెరుచుకుంది. పదకొండున్నరకల్లా అట్ట ప్రతి ఆమె ప్రింటరులోంచి బయటికొచ్చింది. దానికోసమే అక్కడ కాచుకుని ఉన్న బ్యాండు మాస్టరు దాన్ని పట్టుకుని ప్రెస్సుకు పరుగెత్తాడు.

సెడ్రిక్ చడీచప్పుడు లేకుండా బోర్డు సంచిలో పెట్టుకోబోయాడు.

"అదిక్కడ పెట్టు. నాలుగు మెగాబైట్లు వద్దని ఎవరన్నారు? వచ్చే శనివారం బిగిస్తా," అంది ఈనిడ్.

"ఎవరు, నువ్వా?"

"నేనే. నువ్వు లైటు పట్టుకుందువుగాని."

సెడ్రిక్ బోర్డును, ఆమె చేతులను చూశాడు. బోర్డు బల్ల మీద పెట్టాడు.

"సరే, ఈనిడ్," అన్నాడు.