బెత్సీ చేతి కొలత

ఊదుగొట్టం పెదవుల మధ్య బిగించి జనార్దన్ మంటను వంచాడు. పట్టీ తెగిన చోట నీలి మొన తాకింది. టంకం కరిగి, పాకి, అతుక్కుంది. పట్టకారుతో తీసి నీళ్లలో వేస్తే చుయ్‌మంది. తలెత్తి సందు చివరికి చూశాడు.

ఆమె ఇంకా రాలేదు.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక ఒక పాత బిల్డింగు ఉంది. దాని మెట్ల కిందే అతని దుకాణం. అందులో నిలబడితే తల తగులుతుంది, అందుకే ముప్పై నాలుగేళ్లుగా కూర్చునే ఉన్నాడు. మెడ వంగిపోయింది. వేళ్ల కొసలు కాలి కాలి మొద్దుబారాయి. కొత్త నగలు ఎవరూ అతనితో చేయించరు. తెగినవి తెస్తారు, అతికించుకుని పోతారు. పేరు కూడా అడగరు.

డోర్కాస్ అడిగింది. గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో ఆయా ఆమె. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి గదిలో ఉంటుంది. పదిహేడేళ్ల కిందట, మూడేళ్ల కూతురు బెత్సీని ఒళ్లో కూర్చోబెట్టుకుని వెండి చేతిగొలుసు చేయించింది. అతను దారంతో కొలత తీస్తుంటే ఆ పిల్ల చక్కిలిగింతలకు కిలకిల నవ్వింది. అప్పటినుంచి ప్రతి పుట్టినరోజుకూ ఆ గొలుసుకు ఒక చిన్న బొమ్మ తగిలించాలి. వారం ముందే వచ్చి ఏ బొమ్మో చెప్పేది. గొర్రెపిల్ల. గొడుగు. బఠాణీ గింజంత సైకిలు. "దానికి నీళ్లంటే పానం అన్నా, ఈసారి చేప చెయ్." నవంబరు పన్నెండున గొలుసు తెచ్చి తగిలించుకుని పోయేది.

ఈ యేడు వారం ముందు రాలేదు. ఇవాళ పన్నెండు. నాలుగు దాటింది.

చాయ్ గ్లాసులు పట్టుకుని బీరయ్య ఆగాడు. "ఏందన్నా, పొద్దుగాల్నుంచి తొవ్వకే చూస్తున్నవ్? ఎవలన్న లేపుకపోతనన్నరా ఏంది నిన్ను?"

"నీ చాయ్‌ల చక్కెర లేదు. ముందు గది చూసుకో పో."

ఎదిగే పిల్ల చేతిగొలుసును రెండేళ్లకోసారి పెంచాలి. రెండు లంకెలు కలిపితే చాలు. బెత్సీకి అయిదేళ్లప్పుడు పెంచాడు, ఏడేళ్లప్పుడు పెంచాడు. తొమ్మిదో పుట్టినరోజుకు డోర్కాస్ ఒక్కతే వచ్చింది. బొమ్మ తగిలించమంది. పెంచమనలేదు.

"పాపకు బిగుతైతలేదా చెల్లె?"

"లేదన్నా. సరిపోతది."

ఆ మాట అంటూ గొలుసును పిడికిట్లో ఎంత గట్టిగా పట్టుకుందంటే, అరచేతిలో గొర్రెపిల్ల చెవి గుర్తు పడింది. జనార్దన్ మళ్లీ అడగలేదు. మరుసటేడూ ఆమె పెంచమనలేదు. ఆ పై యేడూ అనలేదు. బొమ్మలు మాత్రం చెబుతూనే ఉంది. పెన్ను, కళ్లజోడు, పదో తరగతికి పతకం, కాలేజీ బస్సు. అతను చేస్తూనే ఉన్నాడు.

నాలుగున్నరకు వచ్చింది. మెట్టు పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని కూర్చుంది. గాజులు మోచేతి దాకా జారాయి.

"బొమ్మ వద్దన్నా ఈసారి. గొలుసు పెంచు."

అతను పట్టకారు కింద పెట్టాడు. "ఎంత?"

ఆమె తన చెయ్యి చాపింది.

"రేపు దవాఖాన్ల షరీకు చేస్తున్రు. మళ్ల లేస్తనో లేనో. నన్ను పెట్టెల పెట్టి పూడ్చేటప్పుడు గిది తియ్యొద్దని మా తమ్ముడు కరుణాకర్‌కు చెప్పిన." గొలుసును వేలితో మెల్లగా తిప్పింది. "పదకొండు బొమ్మలు నా బిడ్డ చూడనే లేదన్నా. దాని దగ్గరికి వట్టి చేతులతోని ఎట్ల పోవాలె?"

జనార్దన్ దారం తీసి ఆమె మణికట్టు చుట్టూ వేశాడు. సొరుగు లాగి ఒక అగ్గిపెట్టె బయటికి తీశాడు. అందులో ఎనిమిది వెండి లంకెలున్నాయి. రెండు బాగా నల్లబడ్డాయి. నాలుగు కాస్త తక్కువ. చివరి రెండింటిలో ఇంకా మెరుపుంది.

డోర్కాస్ ఒక లంకెను వేలితో కదిపింది. "గివి ఎప్పటివి?"

"పాప తొమ్మిదేండ్లప్పటివి రెండు. పదకొండుకు రెండు. పదమూడుకు..." భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. "ఒకవేళ నువ్వు పెంచమంటే అప్పటికప్పుడు తయారుండాలె గదా."

"నన్నేం అడగకపోతివి."

"నువ్వేం చెప్పకపోతివి."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. "కాలేజీ బస్సుకు నంబరు గూడ ఏయించిన గదన్నా నీతోని!"

"ఔ. రెండుసార్లు చెరిపిచ్చినవ్."

అతను మంట వంచాడు. నల్లబడ్డవాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే అతికించాడు. కుంకుడు రసంలో కడిగాడు. ఆమె చేతికి పెట్టి కొక్కెం వేశాడు. ఆమె లేచి నాంపల్లి వైపు నడిచింది. బొమ్మల గలగల సందు చివరిదాకా వినిపించి, బస్సు హారన్‌లో కలిసిపోయింది.

డిసెంబరు మూడో వారంలో కరుణాకర్ వచ్చాడు. కూర్చోలేదు.

"తియ్యలేదన్నా," అన్నాడు. "అక్క చేతికే ఉంది."

జనార్దన్ తలూపాడు. కరుణాకర్ వెళ్లాక ఊదుగొట్టం పక్కన పెట్టాడు. తర్వాత సొరుగు లాగాడు. చిక్కిపోయిన తల్లి చేతికి ఆరు లంకెలే సరిపోయాయి. అగ్గిపెట్టెలో బెత్సీ పదిహేనేళ్లప్పటి లంకెలు రెండు మిగిలాయి, అంచులు అప్పుడప్పుడే నల్లబడుతూ.